గంటకి టేబుల్ డబ్బులు కడుతున్నాం సరే, ఆ గంటలో ఆట పెరుగుతోందా? | స్నూకర్ ప్రాక్టీస్ ఫుల్ ఎపిసోడ్

ఈ ఎపిసోడ్ స్నూకర్ మీద. ప్రొఫెషనల్స్ కోసం కాదు. అనంతపురంలోనో, గుంతకల్లులోనో, ధర్మవరంలోనో కాలేజీ అయిపోయాక ఫ్రెండ్స్‌తో పార్లర్‌కి వెళ్ళి ఆడేవాళ్ళ కోసం. ఏడాదిగా ఆడుతున్నా అదే పది, పదిహేను పాయింట్ల బ్రేక్ దగ్గర ఆగిపోయినవాళ్ళ కోసం.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, రోజూ ఆడుతున్నా, ఆట ఎందుకు పెరగడం లేదు?"

సమాధానం సూటిగా చెప్తా. మీరు ఆడుతున్నారు, ప్రాక్టీస్ చేయడం లేదు. ఈ రెండూ వేరు.

ఫ్రేమ్ ఆడితే ఏం జరుగుతుంది?

మన దగ్గర పద్ధతి తెలిసిందే కదా. "మామా, ఓడినోడే టేబుల్ కట్టాల." దాంతో ఆటలో మజా ఉంటుంది, కాదనను. కానీ నేర్చుకునేవాడికి దాని వల్ల మూడు నష్టాలు ఉన్నాయి.

ఒకటి, ఇద్దరు ఆడితే గంటలో సగం సేపు మీరు కుర్చీలో కూర్చుంటారు. నలుగురు ఆడితే ముప్పావు గంట కూర్చుంటారు.

రెండు, ఒకే షాట్ మళ్ళీ రాదు. ఒక రెడ్ మిస్ అయింది. ఎందుకు మిస్ అయిందో తెలియాలంటే అదే బాల్, అదే యాంగిల్‌లో ఇంకో పదిసార్లు కొట్టాలి. ఫ్రేమ్‌లో ఆ ఛాన్స్ ఉండదు. తప్పు అక్కడే ఉండిపోతుంది.

మూడు, డబ్బు పోతుందన్న భయంతో కొత్త షాట్ ట్రై చేయరు. పందెం ఉంటే అసలే చేయరు. చేతకాని షాట్ ఎప్పటికీ చేతకాకుండానే ఉంటుంది.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకుందాం. గంట రేటు ఉదాహరణకి 150 రూపాయలు అనుకోండి. వారానికి రెండు గంటలంటే నెలకి 1200. వానల్ని నమ్ముకుని చెనక్కాయ వేసే ఇంట్లో, కూలికి పోయే ఇంట్లో అది చిన్న డబ్బు కాదు. అందుకే ఈ ఎపిసోడ్‌లో "రోజుకి ఆరు గంటలు ఆడండి" అని చెప్పను. ఉన్న ఒక్క గంటని ఎలా వాడాలో చెప్తా. బోర్లో నీళ్ళు తక్కువ ఉన్నోడు కాలవ పారించడు కదప్పా, డ్రిప్పు వేస్తాడు. ఇదీ అంతే.

కోచ్ లేడు కదా అంటారా?

స్నూకర్ పుట్టిందే మన దేశంలో. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే యువ బ్రిటిష్ ఆర్మీ ఆఫీసర్ మొదలుపెట్టాడని చెప్తారు. తర్వాత ఊటీ క్లబ్‌లో రూల్స్ రాశారు. 1984లో ఓం అగర్వాల్ డబ్లిన్‌లో ప్రపంచ అమెచ్యూర్ టైటిల్ గెలిచాడు. 2003లో పంకజ్ అద్వానీ పద్దెనిమిదేళ్ళకే అదే టైటిల్ కొట్టాడు. అద్వానీ ఆట నేర్చుకున్నది బెంగళూరులో, అరవింద్ సవూర్ దగ్గర. మన అనంతపురం నుంచి హైవే ఎక్కితే రెండొందల కిలోమీటర్ల చిల్లర దూరం, అంతే.

మన తెలుగు ప్రాంతం నుంచి కూడా ఉన్నారు. హైదరాబాద్ ఆటగాడు లక్కీ వత్నానీ 2011లో బెంగళూరులో జరిగిన ప్రపంచ అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్ళాడు. ఇరాన్ కుర్రాడు హుస్సేన్ వఫాయీ మీద 10-9 తేడాతో ఓడిపోయాడు. పంతొమ్మిది ఫ్రేమ్‌లు ఆడితే తేడా ఒక్క ఫ్రేమ్. ఆ స్థాయిలో ఒక్క మిస్ ఎంత ఖరీదో చూడండి.

కోచ్ విషయానికి వద్దాం. ఆరుసార్లు వరల్డ్ ఛాంపియన్ అయిన స్టీవ్ డేవిస్, చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో కలిసి జో డేవిస్ రాసిన పుస్తకం చూసి టెక్నిక్ నేర్చుకున్నాడు. ఇద్దరి ఇంటిపేరు ఒకటే కానీ చుట్టాలు కారు. పుస్తకం, నాన్న, టేబుల్. అంతే. మీ చేతిలో ఫోన్ ఉంది, స్లో మోషన్ కెమెరా ఉంది. దాన్ని వాడే పద్ధతి చివర్లో చెప్తా.

టేబుల్‌ని ముందు అర్థం చేసుకోండి

ఫుల్ సైజ్ స్నూకర్ టేబుల్ ఆడే భాగం 3569 మిల్లీమీటర్ల పొడవు, 1778 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే సుమారు 12 అడుగులు, 6 అడుగులు. బాల్ సైజు 52.5 మిల్లీమీటర్లు. బ్రౌన్, బ్లూ, పింక్, బ్లాక్ ఈ నాలుగు స్పాట్లు టేబుల్ మధ్యలో ఒకే నిలువు గీత మీద ఉంటాయి. బ్లూ స్పాట్ సరిగ్గా టేబుల్ నడిబొడ్డు. ఈ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి, డ్రిల్స్ అన్నీ వీటి మీదే నడుస్తాయి.

మీ ఊళ్ళో చిన్న పూల్ టేబుల్ మాత్రమే ఉందా? పర్లేదు. మొదటి మూడు డ్రిల్స్ దాని మీద కూడా చేయొచ్చు. మధ్య గీతని కంటితో చూసుకుని రెండు చోట్ల చాక్‌తో చిన్న చుక్క పెట్టుకోండి. పార్లర్ ఓనర్‌ని అడిగి పెట్టండి, వెళ్ళేటప్పుడు తుడిచేయండి.

డ్రిల్ 1: వైట్ ఒక్కటే, 10 నిమిషాలు

టేబుల్ మీద బాల్స్ అన్నీ తీసేయండి. వైట్‌ని బ్రౌన్ స్పాట్ మీద పెట్టండి. బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా నేరుగా కొట్టండి. అది టాప్ కుషన్‌కి తగిలి, అదే దారిలో వెనక్కి రావాలి. కొట్టాక స్టిక్ తీయొద్దు, తల ఎత్తొద్దు. తిరిగొచ్చిన వైట్ మీ టిప్‌కి వచ్చి తగిలితే అది పర్ఫెక్ట్ షాట్.

చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కొట్టి చూడండి, పదిలో మూడు వస్తే గొప్ప. ఇందులో తప్పు ఎక్కడుందో టేబులే చెప్తుంది. ఎలాగంటే:

వెళ్ళేటప్పుడే వైట్ స్పాట్ల మీద నుంచి పోకపోతే, మీరు నిలబడే తీరులో, గురి చూడ్డంలో తేడా ఉంది.

వెళ్ళేటప్పుడు సరిగ్గా పోయి, కుషన్‌కి తగిలాక కుడివైపుకి వస్తే, మీరు తెలియకుండా బాల్‌కి కుడిపక్కన కొడుతున్నారు. ఎడమకి వస్తే ఎడమపక్కన. దీన్నే సైడ్ పడటం అంటారు. ఈజీ బాల్స్ మిస్ అవ్వడానికి చాలాసార్లు కారణం ఇదే. "గురి కరెక్టుగానే పెట్టినా మిస్ అయింది" అంటాం కదా, అదే ఇది.

పదిసార్లు కొట్టండి. బ్రౌన్ స్పాట్‌కి ఒక బాల్ వెడల్పు లోపల ఎన్నిసార్లు తిరిగొచ్చిందో రాసుకోండి.

డ్రిల్ 2: స్టాప్, ఫాలో, స్క్రూ, 15 నిమిషాలు

బ్లూని దాని స్పాట్ మీద పెట్టండి. కింద కార్నర్ పాకెట్ నుంచి బ్లూ మీదుగా ఎదురు మూల కార్నర్ పాకెట్‌కి ఒక గీత ఊహించండి. బ్లూ టేబుల్ మధ్యలో ఉంది కాబట్టి ఆ గీత స్ట్రెయిట్‌గా ఉంటుంది. ఆ గీత మీదే, బ్లూకి రెండడుగుల వెనక వైట్ పెట్టండి. ఇప్పుడు బ్లూని పాట్ చేస్తూ మూడు రకాలుగా కొట్టాలి.

స్టాప్: వైట్ మధ్యకి కొంచెం కింద కొట్టండి. బ్లూకి తగిలిన చోటే వైట్ ఆగిపోవాలి.

ఫాలో: మధ్యకి పైన కొట్టండి. వైట్ ముందుకి ఒక జానెడు వెళ్ళి ఆగాలి.

స్క్రూ: బాగా కింద కొట్టండి. వైట్ ఒక మూరెడు వెనక్కి రావాలి.

బలం కాదు ఇక్కడ ముఖ్యం. స్క్రూ రాకపోతే చాలామంది ఇంకా గట్టిగా కొడతారు. గట్టిగా కొట్టేటప్పుడు చెయ్యి ఎగురుతుంది, టిప్ వైట్ మధ్యకి తగులుతుంది, స్క్రూ ఇంకా పోతుంది. స్టిక్‌ని వీలైనంత సమంగా ఉంచి, కింద తగిలేలా, బాల్ లోంచి దూసుకుపోయేలా కొట్టండి.

ఇంకో సంగతి. వైట్‌కీ బ్లూకీ మధ్య దూరం పెరిగేకొద్దీ గుడ్డ రాపిడికి ఆ వెనక్కి తిరిగే స్పిన్ కరిగిపోతుంది. అందుకే దూరం ఎక్కువైతే స్టాప్ షాట్‌కి కూడా ఇంకొంచెం కింద కొట్టాలి. ఇది చదివితే రాదు. రెండడుగుల నుంచి, మూడడుగుల నుంచి, నాలుగడుగుల నుంచి కొట్టి చూస్తే చేతికి తెలుస్తుంది.

ఒక్కో రకం పది షాట్లు. బ్లూ పడాలి, వైట్ చెప్పిన చోట ఆగాలి. రెండూ జరిగితేనే ఒక మార్కు. బ్లూ మాత్రమే పడితే సున్నా. ఈ రూల్ కఠినంగా పాటించండి. ఎందుకంటే స్నూకర్‌లో బాల్ వేయడం సగం పనే, తర్వాతి బాల్‌కి వైట్‌ని పెట్టుకోవడం మిగతా సగం.

డ్రిల్ 3: యాంగిల్ కనిపించాలంటే

"యాంగిల్ షాట్స్ అర్థం కావడం లేదు" అనేవాళ్ళకి ఇది. ఒక రెడ్ పెట్టండి. అది ఏ పాకెట్‌లోకి పోవాలో చూడండి. ఆ పాకెట్‌కి సరిగ్గా ఎదురు దిక్కులో, రెడ్‌కి అంటించి ఇంకో బాల్ పెట్టండి. కొట్టినప్పుడు వైట్ వచ్చి కూర్చోవాల్సిన చోటు అదే. వైట్ వెనక నిలబడి ఆ బాల్ మధ్యభాగాన్ని బాగా చూడండి. తర్వాత దాన్ని తీసేసి, అక్కడ బాల్ ఉన్నట్టే ఊహించుకుని కొట్టండి.

కొన్ని లెక్కలు తెలిస్తే సులభం. వైట్ మధ్యభాగాన్ని రెడ్ అంచుకి గురి పెడితే దాన్ని హాఫ్ బాల్ అంటారు. రెడ్ అప్పుడు 30 డిగ్రీల పక్కకి వెళ్తుంది. ముప్పావు బాల్ తగిలితే దాదాపు 15 డిగ్రీలు. పావు బాల్ తగిలితే దాదాపు 49 డిగ్రీలు. ముందు హాఫ్ బాల్ ఒక్కటి కంటికి అలవాటు చేసుకోండి. తర్వాత ఏ యాంగిల్ అయినా "హాఫ్ కన్నా లావా, సన్నమా" అని పోల్చుకోవచ్చు.

దీనికి విడిగా టైమ్ వద్దు. డ్రిల్ 2లో పదిహేను నిమిషాల్లో చివరి ఐదు దీనికివ్వండి. అప్పుడు ఆ ముప్పై షాట్లూ ఒక్క రోజులో అవ్వవు. ఒక రోజు స్టాప్, ఇంకో రోజు ఫాలో, ఇంకో రోజు స్క్రూ అని మార్చుకోండి.

డ్రిల్ 4: లైనప్, 20 నిమిషాలు

ఇది ప్రపంచంలో పెద్ద ఆటగాళ్ళు కూడా చేసే డ్రిల్. వాళ్ళు పదిహేను రెడ్స్‌తో చేస్తారు. మనం ఐదుతో మొదలుపెడదాం. కలర్స్ అన్నీ వాటి స్పాట్ల మీద పెట్టండి. పింక్‌కీ బ్లాక్‌కీ మధ్య మూడు రెడ్స్, బ్లూకీ పింక్‌కీ మధ్య రెండు రెడ్స్, అన్నీ అదే మధ్య గీత మీద సమాన దూరంలో పెట్టండి. వైట్ మీకు ఇష్టం వచ్చిన చోట.

ఇప్పుడు ఒక రెడ్, ఒక కలర్, మళ్ళీ రెడ్. మిస్ అయితే అక్కడితో ఆపి, స్కోర్ రాసుకుని, మళ్ళీ పేర్చండి. "ఇది లెక్క కాదు, ఇంకోసారి" అనేది లేదు.

ఐదు రెడ్స్‌కీ బ్లాకే వేసి, కలర్స్ కూడా క్లియర్ చేస్తే మొత్తం 67. మొదటి నెలలో 20 దాటినా చాలు. ఈ డ్రిల్ నేర్పేది ఒకటే: వైట్‌ని తక్కువ తిప్పడం. మన దగ్గర ఎవరైనా వైట్‌ని మూడు కుషన్లు తిప్పితే పార్లర్ అంతా "అబ్బా" అంటారు. కానీ బ్రేక్ కట్టేవాడు చూడండి, వైట్ అడుగు, అడుగున్నర కన్నా ఎక్కువ కదలదు. చూడ్డానికి చప్పగా ఉంటుంది, స్కోర్ మాత్రం పెరుగుతుంది.

ఇంకో చిట్కా. తర్వాతి బాల్‌కి పూర్తి స్ట్రెయిట్‌గా వైట్‌ని పెట్టుకోవద్దు. కొంచెం యాంగిల్ వదలండి. స్ట్రెయిట్‌గా ఉంటే వైట్ ముందుకి, వెనక్కి మాత్రమే పోగలదు. యాంగిల్ ఉంటే పక్కకి కూడా తీసుకుపోవచ్చు.

డ్రిల్ 5: కలర్స్ వెనక నుంచి, 10 నిమిషాలు

యెల్లో నుంచి బ్లాక్ దాకా ఆరు కలర్స్, మొత్తం 27 పాయింట్లు. ఫ్రేమ్‌లు ఎక్కువగా గెలిచేది, ఓడేది ఇక్కడే. అందరూ యెల్లోతో మొదలుపెట్టి గ్రీన్ దగ్గర మిస్ అవుతారు. దాంతో పింక్, బ్లాక్ ప్రాక్టీస్ దాకా ఎప్పుడూ రారు.

మీరు తిరగేసి చేయండి. మొదటి వారం బ్లాక్ ఒక్కటే. రెండో వారం పింక్, బ్లాక్. వరసగా మూడుసార్లు వస్తే బ్లూ కలపండి. అలా వెనక్కి వెళ్తూ యెల్లో దాకా. ఇందులో లాభం ఏంటంటే, ప్రతిసారీ మీరు తెలియని చోటు నుంచి తెలిసిన చోటుకి వస్తారు. ఆఖరి బాల్స్ అంటే భయం పోతుంది.

డ్రిల్ 6: సేఫ్టీ, 5 నిమిషాలు

ఇది ఎవరూ చేయరు, అందుకే చేసేవాడు గెలుస్తాడు. టాప్ కుషన్‌కి జానెడు దూరంలో ఒక రెడ్, వైట్ డీ లోపల. రెడ్‌ని సన్నగా తాకించి, వైట్ టాప్ కుషన్‌కి తగిలి తిరిగి కింద కుషన్ దగ్గరికి రావాలి. కుషన్‌కి జానెడు లోపల ఆగితే ఒక మార్కు. పది షాట్లు. మన స్థాయిలో ఎదుటివాడు గొప్పగా ఆడి గెలవడం తక్కువ. మనం ఈజీ బాల్ వదిలేయడం వల్ల గెలవడమే ఎక్కువ.

మన ఊరి ఎండ, దుమ్ము, కరెంటు

అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పొడి గాలి, దుమ్ము. దీని ప్రభావం టేబుల్ మీద కూడా ఉంటుంది. గుడ్డ పొడిగా ఉంటే బాల్ ఎక్కువ దూరం పోతుంది. వాన పడిన రోజు తేమకి అదే షాట్ ముందే ఆగిపోతుంది. అందుకే పార్లర్‌కి వెళ్ళగానే మొదటి రెండు నిమిషాలు వైట్‌ని మెల్లగా అటూ ఇటూ కొట్టి, ఆ రోజు స్పీడ్ ఎంతుందో చూసుకోండి.

దుమ్ము పట్టిన బాల్స్ తగిలినప్పుడు సరిగ్గా విడిపోవు, యాంగిల్ మారుతుంది. మొదలుపెట్టే ముందు బాల్స్‌ని పొడిగుడ్డతో తుడవండి. టేబుల్ బ్రష్ చేస్తే కింద నుంచి, అంటే డీ వైపు నుంచి బ్లాక్ వైపుకి ఒకే దిక్కులో చేయాలి. గుడ్డ నూగు అటువైపే ఉంటుంది. అడ్డదిడ్డంగా రుద్దితే నూగు పాడవుతుంది.

ఎండాకాలం చేతికి చెమట పట్టి స్టిక్ వేళ్ళ మధ్య జారదు. పౌడర్ గుప్పించకండి, అది గుడ్డ మీద పడుతుంది. జేబులో చిన్న టవల్ పెట్టుకోండి, చెయ్యీ, స్టిక్కూ తుడుచుకోండి. సొంత స్టిక్ లేకపోతే, పార్లర్‌లో ఒకటి ఎంచుకుని ప్రతిసారీ అదే వాడండి. టేబుల్ మీద దొర్లించి వంకర లేదని చూసుకోండి.

కరెంటు పోయిందా? ఇంట్లో చేసే డ్రిల్ ఒకటుంది, పైసా ఖర్చు లేదు. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాని బల్ల మీద పడుకోబెట్టండి. నున్నగా, సన్నగా ఉన్న కర్రతో, సీసా మూతికి తగలకుండా లోపలికీ బయటికీ ఆడించండి. రోజుకి ఐదు నిమిషాలు. చెయ్యి నేరుగా పోవడం అలవాటవుతుంది.

ఫోన్, నోట్‌బుక్, ఒక ఫ్రెండ్

ఫోన్‌ని టాప్ కుషన్ వెనక పెట్టి, మీకు ఎదురుగా డ్రిల్ 1 రికార్డ్ చేయండి. తర్వాత పక్క నుంచి ఒకటి. పది సెకన్ల క్లిప్ చాలు. స్లో మోషన్‌లో మూడే చూడండి: కొట్టకముందే తల లేస్తోందా? స్టిక్ పక్కకి ఊగుతోందా? వెనక్కి లాగి ముందుకి తోసే మధ్యలో తొందర పడుతున్నారా? ఒక వారం ఒక్క తప్పే సరిచేయండి. మూడూ ఒకేసారి పెట్టుకుంటే ఏదీ రాదు.

నోట్‌బుక్‌లో తేదీ, డ్రిల్, మార్కులు. అంతే. పదికి 3 వచ్చినచోట రెండు నెలలకి 6 వస్తే, ఎవరూ చెప్పక్కర్లేదు, ఆట పెరిగినట్టే. మార్కు కదలకపోతే పద్ధతి మార్చాలి.

డబ్బు సంగతి. ఒక్కరే టేబుల్ తీసుకుంటే మొత్తం మీరే కట్టాలి. అందుకే ఇద్దరు కలవండి. పది నిమిషాలు మీరు కొట్టండి, ఫ్రెండ్ బాల్స్ పేర్చి మార్కులు రాస్తాడు. తర్వాత పది నిమిషాలు అతను. డబ్బు చెరిసగం. ఓడినోడు కట్టేది లేదు, ఎందుకంటే ఇక్కడ ఓడినోడు లేడు. పొద్దున పార్లర్ ఖాళీగా ఉండే టైమ్‌లో వెళ్ళి, "అన్నా, ఈ టైమ్‌లో కొంచెం తగ్గిస్తావా" అని అడగండి. ఖాళీ టేబుల్ కన్నా తక్కువ రేటు మేలే కదా, చాలామంది ఒప్పుకుంటారు.

ఇద్దరు పంచుకుంటే గంటలో ఒక్కొక్కరికి అరగంటే వస్తుంది కాబట్టి, డ్రిల్స్‌ని రెండు రోజులకి విడగొట్టండి. ఒక రోజు 1, 2, 3. ఇంకో రోజు 4, 5, 6. సగం నిమిషానికి ఒక షాట్ వేసుకున్నా అరగంటకి 60 షాట్లు. అన్నీ ఎందుకు కొడుతున్నారో తెలిసి కొట్టిన షాట్లు.

ఫ్రేమ్‌లు మానేయమని చెప్పడం లేదు. మ్యాచ్ టెన్షన్ ఫ్రేమ్‌లోనే అలవాటవుతుంది. మూడుసార్లు వెళ్తే రెండుసార్లు డ్రిల్స్, ఒకసారి ఫ్రేమ్. ఆ ఫ్రేమ్‌లో ఏ షాట్ మిస్ అయ్యారో రాసుకుని, మళ్ళీ వచ్చినప్పుడు ముందు దాన్ని పదిసార్లు కొట్టండి.

ఈ వారం డ్రిల్ 1 ఒక్కటే చేయండి. వైట్, నాలుగు స్పాట్లు, పది షాట్లు. పదికి ఎన్ని వచ్చాయో నిజం నంబర్ కామెంట్‌లో పెట్టండి. రెండు వచ్చినా సిగ్గుపడక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో సైడ్ ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు అనేది మాట్లాడుకుందాం. ఉంటా మరి.